మాటు

డండీలో ఫిబ్రవరి. టే నది మీంచి గాలి
యూనివర్సిటీ హాలు కిటికీల్ని బాదుతోంది.
బయట అట్టముక్కలు పట్టుకుని ముప్ఫైమంది,
అట్టల మీది అక్షరాలు వానకి కారిపోతున్నాయి.
లోపల ఆనాటి తీర్మానం:
"నొచ్చుకోవడం ఒక వాదన కాదు."

నేను వేదిక పక్కన, నల్ల చొక్కాలో,
చేతులు స్పష్టంగా కనబడాలని.
గంటకి ముప్ఫై ఎనిమిది పౌన్లు.
చెవిలోంచి వచ్చింది చేతుల్లోంచి పోవాలి.
కలపకు, తీయకు, మార్చకు.
ఇరవై ఏళ్ళుగా ఇదే నా నీతి.

వక్త మర్యాదస్తుడు.
మాట్లాడే ముందు నాకేసి తల పంకించాడు,
"వేగం ఎక్కువైతే చెప్పండి" అన్నాడు.
స్వేచ్ఛ గురించి అతను చెప్పినవి,
దాచాలా, నా చేతులకి నచ్చాయి.
గాల్లో అందంగానే తిరిగాయి.

అప్పుడన్నాడు ఆ మాట.
నవ్వుతూనే. "ఉదాహరణకి మాత్రమే" అంటూ.

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది.
నా చేతులు ఒక్క క్షణం ఆగి
"సంచార కుటుంబాలు" అన్నాయి.

ముందు వరసలో రోనా టౌన్స్లీ, రెండో సంవత్సరం.
నా చేతుల్ని చూడటం మానేసి
వెనక్కి తిరిగి జనం ముఖాలు చూసింది.
సంచార కుటుంబాలు అంటే ఎవరూ అలా తల దించుకోరు.
నాకేసి తిరిగి సైగ చేసింది:
*ఏదో మింగేశావు.*
*ఆ తిట్టు నాది. నాకిచ్చెయ్.*

మా భాషలో అచ్చులన్నీ
ఎడమచేతి వేళ్ళ కొనల మీద ఉంటాయి.
ఆ మాటలో రెండు అచ్చులు:
నడివేలి మీద ఒకటి, చూపుడువేలి మీద ఒకటి.
ఆరు అక్షరాలు, ఒక్కొక్కటే,
నా వేళ్ళని నేనే తాకుకుంటూ.
పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
ఇది పెదవి దాకా రానే లేదు.

రోనా లేచింది. ఇప్పుడు గొంతు నాది, మాట తనది.

"మా తాత చిల్లులు పడ్డ కెటిళ్ళకి మాటు వేసేవాడు.
పెర్త్ నుంచి ఇన్వర్నెస్ దాకా, గాడిదబండి మీద.
ఆ పని పేరు అది. అంతే.
పనికొచ్చినన్నాళ్ళు పెరటిగుమ్మం దగ్గర పిలిచారు,
అల్యూమినియం వచ్చాక అదే మాటతో తరిమారు.
నా ముందు అనొద్దని చెప్పటం లేదు.
అన్నాక నేనేమంటానో కూడా వినాలి మరి."

తర్వాత రోనా చేతులు
అతన్నీ, అతని ఉదాహరణనీ, అతని రైలు టికెట్టునీ కలిపి
ఒక్క వాక్యంలో తిట్టాయి.
నేను తిట్టాను. బిగ్గరగా. చర్చి బృందంలో పాడే గొంతుతో.
కలపలేదు, తీయలేదు, మార్చలేదు.

అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకున్నాడు:
"మిస్ రెన్నీ, దయచేసి, భాష!"

నాకు.
రోనాకి కాదు, అతనికి కాదు.
దాన్ని కూడా సైగల్లోకి మార్చాను,
నా పేరుతో సహా.
రోనా పగలబడి నవ్వింది, హాల్లో వినబడ్డ
తన సొంత శబ్దం అదొక్కటే.

వక్త చెయ్యెత్తాడు. "ఆమెని అననివ్వండి" అన్నాడు.
నిజాయితీగానే అన్నాడనుకుంటాను.
*నిన్ను అడగలేదే* అంది రోనా.
"నిన్ను అడగలేదే" అన్నాను నేను.

ఓట్లు లెక్కపెట్టారు. ఎవరు గెలిచారో
నాకిప్పుడు గుర్తులేదు.

బస్ స్టాపులో గొడుగు ఎగిరిపోతుంటే,
రెండు చేతులూ కావాలి గనక గొడుగు వదిలేసి,
రోనా అడిగింది: *ఎలా తిట్టాను?*
*బాగా తిట్టావు* అన్నాను.
*కాదు, నీ నోట్లో ఎలా ఉంది?*

ఇరవై ఏళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న.
వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నాయి.
బస్సు వచ్చేసింది, ఆమె ఎక్కింది,
కిటికీలోంచి ఇంకా నా చేతులకేసే చూస్తోంది.